పెళ్లి విడిదికి వైకుంఠ రథం

ఆ గురువారం ఆఫీసుకు సెలవు. యజమాని సుబ్రహ్మణ్యం మేనకోడలు ధనశ్రీ పెళ్లి ఉప్పల్‌లో. దుర్గేష్ మాత్రం పొద్దున ఏడింటికి నాచారం ఆఫీసుకు వెళ్లి, రెండు చిరునామాలు మార్చి, ఎనిమిదికల్లా బోడుప్పల్‌లోని గదికి చేరి సాయంత్రం దాకా పడుకుందామనుకున్నాడు. రెండు వారాలుగా అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఈ ప్రాజెక్టు కూడా పోతే కంపెనీ మూసేయడమేనని సుబ్రహ్మణ్యం ముందే చెప్పేశాడు.

ప్రాజెక్టు ఒక ట్రావెల్స్ వాళ్లది. వాళ్లకు పెళ్లి ఊరేగింపులకు పూలరథం, అంతిమయాత్రలకు వైకుంఠ రథాలు ఉన్నాయి. పూలరథం గ్యారేజీ బోడుప్పల్‌లో, వైకుంఠ రథాలది మల్కాజిగిరిలో. రెండు చోట్లా ఒక్కో కంప్యూటరుంది. అవి ఏ చిరునామాలో దొరుకుతాయో బుకింగ్ ప్రోగ్రాముకు తెలియదు. రిజిస్ట్రీ అనే చిట్టాను అడిగి తెలుసుకుంటుంది. "పూలరథం పంపే సర్వీసు ఎక్కడుంది?" అంటే రిజిస్ట్రీ చిరునామా చెబుతుంది. బండి కావలసిన రోజు పొద్దున ప్రోగ్రాము అక్కడికి కబురు పంపుతుంది. గ్యారేజీలో చీటీ వస్తుంది, డ్రైవరు బండి తీస్తాడు. చీటీ మీద స్థలం, సమయం తప్ప మరేమీ ఉండవు. అంతకుమించి డ్రైవరుకు అనవసరమని సుబ్రహ్మణ్యమే తీసేయించాడు.

ముందురోజు గ్యారేజీలకు కొత్త ఇంటర్నెట్ వచ్చి చిరునామాలు మారాయి. నిద్రమత్తులో దుర్గేష్ బోడుప్పల్ చిరునామాను వైకుంఠ రథాల ఎదుట, మల్కాజిగిరి చిరునామాను పూలరథం ఎదుట పెట్టాడు. కంప్యూటర్ ఏమీ అనలేదు. అక్కడే బల్ల మీద తలవాల్చి కాసేపు కునికి, కిందికి వచ్చి బైకుకు తాళంచెవి పెడుతుండగా ఫోన్ మోగింది.

"దుర్గేష్! మగపెళ్లివారి విడిది ముందు శవాల బండి ఆగిందయ్యా!" అని అరిచాడు సుబ్రహ్మణ్యం. "మన సాఫ్ట్‌వేర్‌లోనే రథం బుక్ చేశానని నిన్న అందరికీ గొప్పగా చెప్పాను. పెళ్లికొడుకు తండ్రి పరంధామయ్యగారు బయటికొచ్చి, ఎవరు పోయారండీ అని అడుగుతున్నారు!"

దుర్గేష్ మెట్లెక్కి పరుగెత్తాడు. రెండు చిరునామాలూ తారుమారై ఉన్నాయి. చిరునామాలు సరిచేసి, ఇంకో రథం తనే బుక్ చేసి ఫోన్ చేశాడు. "అయిపోయింది సార్. అరగంటల పూలరథం వస్తది."

అరగంటకు విడిది ముందుకు రెండో వైకుంఠ రథం వచ్చింది. మొదటిది ఇంకా కదలనేలేదు, దాని డ్రైవరు శవం ఏదని వాచ్‌మన్‌తో గొడవపడుతున్నాడు.

"ఇంట్లో ఇద్దరు పోయారా అంటున్నారయ్యా!" ఈసారి సుబ్రహ్మణ్యం అరవలేదు. దాదాపు ఏడ్చాడు.

అప్పుడు తట్టింది దుర్గేష్‌కు. ప్రోగ్రాము రిజిస్ట్రీని పొద్దున ఒక్కసారే అడుగుతుంది. విన్న చిరునామానే రోజంతా గుర్తుపెట్టుకుంటుంది. రిజిస్ట్రీని దిద్దాడు గానీ ప్రోగ్రాము జ్ఞాపకాన్ని దిద్దలేదు. ప్రోగ్రామును ఆపి, మళ్లీ మొదలుపెట్టి, బోడుప్పల్ గ్యారేజీకి ఫోన్ చేశాడు.

"ఉన్నదే ఒక్క రథం అన్నా," అన్నాడు గ్యారేజీ మనిషి. "పొద్దుగాలనే నాచారం పోయింది. మీ చీటీ మీదనే."

ఆ చీటీ పోశయ్య ఇంటిది. నలభై ఏళ్లు నూలు మిల్లులో పనిచేసిన పోశయ్య ఆ తెల్లవారుజామునే పోయాడు. దుర్గేష్ వెళ్లేసరికి, ఇరుకు గల్లీ మొదట్లో నెమలి సింహాసనంతో, బంతిపూల తోరణాలతో రథం నిలబడి ఉంది. ముందు భాగాన పెళ్లివారు నిన్ననే మెరుపు కాగితంతో అతికించిన 'ధనశ్రీ' అనే పెద్ద అక్షరాలు. డ్రైవరు బీడీ పారేసి తలదించుకున్నాడు.

గల్లీ లోపల అరుగు మీద పోశయ్య. తల దగ్గర అతని భార్య మల్లవ్వ. దుర్గేష్ మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. "అవ్వా, తప్పు బండి వచ్చింది. తప్పు నాదే. మీది ఇప్పుడే పిలిపిస్త. ఇది పెండ్లిది."

మల్లవ్వ తలెత్తి గల్లీ మొదట్లోని రథం వైపు చూసింది.

"పెండ్లిదేనా బిడ్డా? మా పెండ్లికి ఊరేగింపు జేస్తనన్నడు. ఎడ్లబండి సుత దొర్కలె. ఎండల నడుసుకుంటనే అత్తగారింటికి వోయిన. మల్ల జేస్త, మల్ల జేస్త అనుకుంటనే పోయిండు." కొంగుతో భర్త నుదురు తుడిచింది. "ఇయ్యాల ఇంటి ముంగటికి వచ్చింది. తీస్కపోతవా?"

దుర్గేష్ లేచాడు. గల్లీ మొదటికి వెళ్లి, 'ధనశ్రీ' అక్షరాలను ఒక్కొక్కటిగా గోళ్లతో పీకి జేబులో పెట్టుకున్నాడు. రంగు బల్బులు ఆర్పించి, డ్రైవరు సాయంతో సింహాసనం విప్పి పక్కన పెట్టాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు.

అంతలో ఆటో ఆగింది. గ్యారేజీ వాళ్లనడిగి ఆచూకీ పట్టిన సుబ్రహ్మణ్యం పట్టుపంచె ఎగగట్టుకుని దిగాడు. "పెళ్లికొడుకును నడిపించి తీసుకెళ్లామయ్యా! రథం ఏది? కనీసం అప్పగింతలకైనా..." అంటూ దుర్గేష్ వెంట గల్లీలోకి వచ్చి, అరుగు చూసి ఆగిపోయాడు.

"బండి ఈ సార్‌దేనా?" మల్లవ్వ లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "సల్లగుండు కొడుకా. ఆయన మాట నువ్వు దక్కించినవ్."

సుబ్రహ్మణ్యం నోట్లోని తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. రథం గల్లీలోకి రాదు. రోడ్డు దాకా పాడె మోయాలి. మగవాళ్లు చాలామంది షిఫ్టులకు పోయారు. మోయడానికి ఉన్నది పోశయ్య తమ్ముడి కొడుకులిద్దరు, దుర్గేష్. "ఇంకొక్కలు కావాలె," అన్నారెవరో. ఎవరూ సుబ్రహ్మణ్యం వైపు చూడలేదు. చూడకపోవడమే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. చెప్పులు విడిచి భుజం పట్టాడు.

రథం కదిలింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు జనం ఆగి చూశారు. మల్లవ్వ ఏడుస్తూనే పూలదండలు సర్దుతోంది. వెనక నడుస్తూ దుర్గేష్ అడిగాడు. "సార్, నా ఉద్యోగం..."

"నడువు ముందు," అన్నాడు సుబ్రహ్మణ్యం కళ్లు తుడుచుకుంటూ. "రేపు మామూలుగానే రా."

సుబ్రహ్మణ్యం జేబులో ఫోన్ మోగింది. ధనశ్రీ తల్లి, అతని అక్క.

"ఎక్కడున్నావురా? పిల్లను బుట్టలో కూర్చోబెట్టాం. మోయడానికి మేనమామ కావాలి!"

సుబ్రహ్మణ్యం పంచె వైపు చూసుకున్నాడు, ముందు వెళుతున్న రథం వైపు చూశాడు. ఇక స్నానం చేయకుండా మండపంలో అడుగుపెట్టడానికి లేదు. ముహూర్తానికి పది నిమిషాలే ఉన్నాయి.

"ఈపూట నా మోత అయిపోయిందక్కా," అన్నాడు.