నాలుగున్నర చాపల గది

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. పదిహేనేళ్ళ కొహారు, అమ్మమ్మ తొమీ, పక్క గదిలో గురక పెడుతున్న తాతయ్య గెంజో. తుపానుకు పెంకులు ఎగిరి చిన్నగదిలోకి దిగిన వాన నీళ్ళను కూడా కలిపితే నలుగురు. పెంకులు సర్దేసి నాన్న పనికి వెళ్ళిపోయాడు.

“సాయంత్రంలోగా ఆ గది బాగుచేశావంటే అది నీదే,” అంది అమ్మమ్మ.

రోజూ ఆ గురక పక్కనే పడుకునే కొహారు నడుం బిగించింది. గదిలో నేలంతా కప్పేలా, పలకల్లాంటి నాలుగు నిండు మందపాటి గడ్డిచాపలు, నడుమ ఒక సగం చాప. ఏ చోటుకు తగ్గట్టు ఆ చాప కోసి ఉంటుంది. అందుకే చాపల అడుగున ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టి, ఏది ఎక్కడిదో పల్చటి కాగితం మీద సిరాతో గీసుకుంది. చాపలు ఎండలో నిలబెట్టింది. నేల తుడిచింది. ఉబ్బి కదలని జారుడు తలుపును చిత్రిక పట్టి, గాడిలో కొవ్వొత్తి మైనం రుద్దింది.

మధ్యాహ్నానికి చాపలు ఎండాయి. కాగితం మాత్రం తడినేల మీద పడి, సిరా రెండో వైపుకూ దిగింది. అది తిరగబడి కుడిఎడమలు మారాయని తెలియక కొహారు అలాగే చూసి పరిచింది. పట్టనిచోట కాలితో తొక్కి ఇరికించింది.

పక్కింటి యసుయె తొంగిచూసింది. సగం చాప చుట్టూ నిండు చాపలు కుడికి బదులు ఎడమకు తిరిగినట్టు పరిచి ఉన్నాయి. ఆ ఊళ్ళో అలా పరిచేది ఎవరైనా పోయినప్పుడే. పక్క గదిలో గెంజో వెల్లకిలా, ఈగలు వాలకుండా ముఖం మీద తెల్ల తువ్వాలుతో పడున్నాడు. సరిగ్గా అప్పుడే గురక ఆగింది.

“అయ్యో, గెంజో అన్నయ్యా!”

“అది కాదండీ...” అని కొహారు నోరు పెగిలేసరికి యసుయె వీధి మలుపు దాటేసింది.

అరగంటలో ఎనిమిది మంది నల్లబట్టల్లో, అగరొత్తులతో దిగారు. ఏడుపులకు గెంజో లేచి కూర్చున్నాడు.

“ఎవరు పోయారు?”

“నువ్వే అన్నయ్యా!”

“నాకెవరూ చెప్పలేదే!”

అమ్మమ్మ మాత్రం చాపలు చూసి నెత్తి కొట్టుకుంది. “ఇంతమంది వచ్చారుగా, ఊరికే ఏడ్చి పోతారా? బట్టల చేతులు పైకి మడిచి చాపలు ఎత్తండి!”

పావుగంటలో చాపలన్నీ వాటి చోట్లకు చేరాయి. కొహారు సంబరంగా పరుపు మోసుకొచ్చేసరికి తాతయ్య అప్పటికే లోపల కాళ్ళు చాపాడు.

“అమ్మమ్మా, నీ మాటో?”

“పోయినవాడితో వాదన దేనికే?”

“పోయి వచ్చినవాణ్ణి. కాస్త ప్రశాంతంగా పడుకోనివ్వండి,” అన్నాడు తాతయ్య. ఒక్క వేలితో తోశాడు. తలుపు చప్పుడైనా లేకుండా జారి, కొహారు ముక్కు ముందే మూసుకుంది.

మైనం బాగానే పట్టింది.