పైకొచ్చిన గవ్వలదీవి

చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఓడెక్కి వెళ్లిపోతున్నకొద్దీ గవ్వలదీవి బరువు తగ్గి, సముద్రం మీద పైపైకి తేలుతూ వచ్చింది. ఇంజనీర్లు వెళ్లిన ఏడాది రేవు నీటికి మనిషెత్తున నిలిచింది. పంతుళ్లు కూడా వెళ్లాక ఓడరేవుల శాఖ నిచ్చెనలకు టెండర్లు పిలిచింది. "దేశం పైకొస్తంది" అని ప్రధానమంత్రి సన్నెప్పడు ప్రతి సభలోనూ చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

చివరికి డాక్టర్ నూకరత్నం ఒక్కతే మిగిలింది. ఆస్పత్రికి మందులు రావడం ఎప్పుడో మానేశాయి. తానూ వెళ్లిపోతానంటే ఆపుతాడేమోనన్న ఆశతోనే ఆమె ప్రధాని దగ్గరకు వెళ్లింది.

"మందులు తెప్పిస్తే ఉండిపోతాను బాబుగారూ. పోలమ్మకి నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది."

"నువ్వెల్తే దేశం ఇంకా పైకెల్తాది గదమ్మా. నానెందుకు ఆపుతాను?"

ఆమె నిచ్చెన దిగి ఓడెక్కింది. ఆ సాయంత్రమే దీవి నీళ్లను పూర్తిగా వదిలేసి, గాలికి ఓడ వెనకే సాగింది. నూకరత్నం ఒక పరాయి నగరంలో కొత్త ఉద్యోగంలో చేరిన రోజుకు, దీవి ఆ నగరం నెత్తిన వచ్చి ఆగింది. నీడ పడుతోందని నగరపాలక సంస్థ నోటీసిచ్చింది. దీవిలో మాత్రం అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ సరిగ్గా కిందే ఉంది.

ఆరోగ్యశాఖ పెద్ద బుట్టకు తాడు కట్టి, రోగులను దించే పథకం పెట్టింది. అప్పటికే పోలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అయితే ప్రారంభోత్సవం కావాలి గనుక మొదటి బుట్టలో ప్రధానే దిగాడు.

"పోలమ్మ ఏది?" అంది నూకరత్నం, ఆయన చేతికి బీపీ పట్టీ చుడుతూ.

"వరసలో ఉందమ్మా. మంత్రులయ్యాక."

ఆమె పట్టీ అలాగే వదిలేసి, ఖాళీ బుట్టలో ఎక్కి తాడు లాగమంది. ఆమె దీవిలో కాలు పెట్టగానే నేల కుంగింది. బిడ్డను సరిచేసి, పురుడు పోసేసరికి దీవి అంచులు కింది మేడలను రాసుకుంటున్నాయి. మంత్రులు చేతులు జోడించి గుమ్మంలో నిలబడ్డారు.

"దిగిపోమ్మా, దేశం పడిపోతంది!"

ఆడపిల్ల గట్టిగా ఏడ్చింది. నూకరత్నం కళ్లు తుడుచుకుని, "బాగా చదివించు పోలమ్మా" అంది.

"సదివిత్తే దీన్నీ బుట్టలో దించేత్తారు గదమ్మా" అంది పోలమ్మ, పాపను దగ్గరకు పొదువుకుంటూ.

నూకరత్నం పాప తల నిమిరి, బుట్ట ఎక్కింది. ఆమె దిగిపోగానే దీవి కుదుటపడి, మళ్లీ పైకి లేచింది. తల్లీబిడ్డా క్షేమమని, దేశం కూడా క్షేమమని కబురొచ్చింది. పరాయి ఆస్పత్రిలో, తెల్లటి దుప్పటి కింద, ప్రధాని నిశ్చింతగా అటు తిరిగి పడుకున్నాడు.