ఇంటికొక మొండి మోటారు

చలి పొద్దున స్టార్ట్ కాని పాత పడవ మోటారు లేని సంసారం కూడా ఒక సంసారమేనా? నన్నడిగితే రేవు పక్కన ఇల్లున్న ప్రతివాడికీ ప్రభుత్వమే ఒకటి సప్లయి చేయాలి.

మా మోటారు వయసు ఇరవై రెండేళ్లు. ఎండెక్కాక బుద్ధిగానే తిరుగుతుంది. తెల్లవారుజాము చలిలో మాత్రం తాడు ఎంత లాగినా ఉలకదు, పలకదు. లాభాలు తక్కువా? జిమ్ము గడప తొక్కకుండానే నా కుడి భుజం పహిల్వాన్‌ది అయిపోయింది. ఎడమది ఇంకా గుమాస్తాదే.

తాడు మూడోసారి లాగేసరికి రేవులో సభ తీరుతుంది. రిటైరైన హెడ్మాస్టరు గారు, పక్కింటి టైలరు, మా బావగారు. ముగ్గురిలో ఎవరికీ పడవ లేదు. సలహాల్లో అంత స్వచ్ఛత అందుకే!

పెట్రోలు పైపుకున్న రబ్బరు బంతిని పిసికి చోక్ లాగమంటారు హెడ్మాస్టరు గారు. లాగుతాను. రాదు. పిసకడంలో పొరపాటుందంటాడు టైలరు. పెద్దమనిషి చెప్పినదాన్ని మధ్యలోంచి అందుకోవడం మర్యాద కాదు కదా? అందుకని మళ్లీ మొదటినుంచీ పిసుకుతాను. ఆ తర్వాత బావగారి వంతు. కాదంటే మా అక్కయ్య ఊరుకుంటుందా? ఇంకోసారి మొదటినుంచీ. ఈలోగా రేవంతా పెట్రోలు కంపు. ఐకమత్యమంటే ఇదీ!

గిట్టనిది మా ఆవిడకొక్కర్తికే. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో నర్సు, ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఈ నెల్లో రెండుసార్లు లేటయింది. మూడోసారి అయితే పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆపరేషన్ థియేటర్ నుంచి తీసేసి స్టోరు గదిలో కూర్చోబెడతానని మేట్రన్ గారు చెప్పేశారు. ఇంత చిన్న విషయానికి సభను మధ్యలో ఆపుతామా?

పోయిన సోమవారం ఆరున్నరయింది. చర్చ మంచి రంజుగా ఉంది. ఆవిడ పడవలోకి దిగి నన్ను ఒడ్డెక్కమంది. ప్లగ్గు విప్పింది. పెట్రోల్లో తడిసి ముద్దయి ఉంది. రుమాలుతో తుడిచి ఆరబెట్టి, బిగించి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి తాడు లాగింది. నాలుగో లాగుకు మోటారు అందుకుంది. ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తన సలహా కాస్త ఆలస్యంగా పనిచేసిందన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ రోజునుంచీ పడవ ఆవిడదే. బంతి గట్టిపడగానే పిసకడం ఆపేస్తుంది, చోక్ లాగుతుంది, రెండో లాగుకల్లా స్టార్ట్! రేవులో మనిషన్నవాడు నిలబడడం లేదు. సమాజానికి ఎంత నష్టమో ఆలోచించండి.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక, ఈ విద్య ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. మోటారు ఇంటికొచ్చిన ఏడాదే మెకానిక్‌ని అడిగి తెలుసుకుందట. అలాంటప్పుడు ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని గట్టిగానే నిలదీశాను.

ఆవిడ బూట్ల లేసులు విప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "రెండుసార్లు చెప్పానండీ" అంది. "ఆ రెండుసార్లూ మీరు హెడ్మాస్టరు గారికి మోటారు గురించి వివరిస్తున్నారు."