ఖాళీ ట్రైలరు బరువు

వెనక ట్రైలరు తగిలించుకుని తిరిగే వాణిజ్య వాహనాల బరువు విషయంలో ఇకపై ఎవరికీ ఎలాంటి సందేహమూ అక్కర్లేదని రవాణా కార్యాలయంవారు సంతోషంతో ప్రకటించారు. ట్రైలరు బరువంటే అందులో ఉన్న సరుకు బరువు కాదు. అది ఎంత మోయగలదని దానికి కొట్టిన రేకు మీద రాసి ఉందో, ఆ బరువు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం మన దురదృష్టం.

ఈ సులువును మొదట అనుభవించిన అదృష్టవంతుడు ఒక వ్యాను డ్రైవరు. వడ్రంగం చేసే అతని బావమరిది ఒక బడికి బెంచీలు తయారుచేశాడు. వాటిని చేరవేయడానికి డ్రైవరు పెద్ద ట్రైలరు అద్దెకు తీసుకుని వస్తున్నాడు. అందులో గడ్డిపరక కూడా లేదు. తనిఖీ కేంద్రం దగ్గర ఆఫీసరుగారు బండి ఆపి, వంగి రేకు చదివి, ఇది భారీ వాహనమనీ, అతని దగ్గరున్న చిన్న బండ్ల లైసెన్సు చాలదనీ సెలవిచ్చారు.

"ఖాళీ బండండీ. మీరే చూడండి," అన్నాడు డ్రైవరు.

"ఖాళీ ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. రేకు శాశ్వతం," అన్నారు ఆఫీసరుగారు. "చట్టం కంటికి కనిపించేదాన్ని నమ్ముకుంటే దేశం ఏమైపోతుంది?"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఇంకోసారి దొరికితే లైసెన్సు రద్దన్నారు. లైసెన్సు పోతే ఆ డ్రైవరింట్లో పొయ్యి వెలగదు. అతను ట్రైలరు తిప్పి ఇచ్చేశాడు.

మర్నాడు రేకు మీద తక్కువ బరువు రాసి ఉన్న చిన్న ట్రైలరు తెచ్చాడు. రెండు దఫాలుగా వేద్దామంటే, రేకుకు లేని నొప్పి నీకెందుకని బావమరిది బెంచీలన్నీ ఒకేసారి ఎక్కించాడు. టైర్లు అణిగిపోయాయి. వ్యాను ముందు చక్రాలు నేలకు ఆనీ ఆననట్టున్నాయి. ఆఫీసరుగారు రేకు చదివి, ముచ్చటపడి, డ్రైవరు వెన్ను తట్టారు. నిబంధనలంటే ఇంత గౌరవమున్న పౌరుణ్ణి తాను చూడలేదన్నారు.

డ్రైవరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

"సార్, బ్రేకు సరిగా పట్టడం లేదండీ. ఒక్కసారి తూచి చూడండి. దిగువన బడి ఉంది, పిల్లలుంటారు."

తూకం యంత్రం లేకపోలేదు. కొత్తది, నిఖార్సయినది. కేంద్రం మొత్తానికి పైకప్పు దానికొక్కదానికే ఉండడంవల్ల ఆఫీసరుగారి కారు దానిమీదే నీడపట్టున ఉంటుంది. రేకును అనుమానించినందుకు ఆయన నొచ్చుకున్నారు. రోడ్డుకు అడ్డంగా బండి ఆపితే అదీ నేరమేనని గుర్తుచేసి, దారి ఇచ్చారు.

దిగుడులో వ్యాను ట్రైలరును లాగడం మానేసింది. ట్రైలరే వ్యానును తోయడం మొదలుపెట్టింది. బడి గేటు ముందు పిల్లలు కనిపించగానే డ్రైవరు స్టీరింగును గోడవైపు తిప్పేశాడు. పిల్లలకు ఏమీ కాలేదు. అతని కాలు నుజ్జయింది.

విచారణ పూర్తి నిష్పక్షపాతంగా జరిగింది. రేకు ప్రకారం బరువు తక్కువే కాబట్టి తప్పు బరువుది కాదని, డ్రైవరుదేనని తేల్చి లైసెన్సు రద్దు చేశారు.

ప్రమాదం జరిగిన సాయంత్రం ఆ రోడ్డు మూసేశారు. మనమంతా ఇంటికి ఆలస్యంగా చేరాం. దారిపొడుగునా ఆ డ్రైవరునే తిట్టుకున్నాం. ఆఫీసరుగారిని ఒక్క మాటా అనలేదు. ఆయన మనల్ని ఎప్పుడూ ఆపలేదు మరి.