తిరిగే రింగుకు తొలి దరఖాస్తు

“ఇకమీదట ఈ దేశంలో ఎవరి టిన్ను వారే తాగుతారు” అని నవకల్పనల మంత్రిగారు ప్రకటించినప్పుడు, నన్ను నిలువునా ముంచుతున్నది ఆయనేనని నాకు తెలియదు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఊళ్లో ఆయన్ని రిబ్బన్ మంత్రి అంటారు. కత్తెర ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ప్రారంభోత్సవం ఎక్కడ ఎదురైనా, కత్తెర కోసం వెతుకుతూ ప్రజల సమయం వృథా చేయకూడదని ఆయన పట్టుదల.

ఆ టిన్ను మూత నేను చేసింది. ముప్ఫై ఏళ్లుగా లేత్ మిషన్ మీద బతుకుతున్నవాణ్ణి. మూడేళ్ల కిందట మా అక్క ఇంట్లో పదిమందిమి కూల్‌డ్రింకులు తాగుతూ కబుర్లలో పడ్డాం. టిన్నులన్నీ ఒకే బల్ల మీద, అన్నీ ఒకే రకం. మా ఆవిడ తనదనుకుని మా బావ ఎంగిలి టిన్ను ఎత్తి తాగేసింది. ఆయనకు వారం రోజులుగా దగ్గు.

“నా దగ్గు కూడా పంచుకుంటావనుకోలేదమ్మా చెల్లాయ్” అని బావ నవ్వాడు. మా ఆవిడ మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇందులో నా తప్పేమిటో ఇప్పటికీ తేలలేదు.

అప్పుడు మొదలుపెట్టాను. మూత చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు అచ్చుగుద్దాలి. టిన్ను తెరిచే రింగు గుండ్రంగా తిరగాలి. రింగును మూడో అంకె మీదికి తిప్పి పెట్టుకుంటే ఆ టిన్ను నీది. చెప్పడానికి ఇంతే. కానీ రింగు వదులైతే మూత కారుతుంది, బిగువైతే తిరగదు. తిరిగేలా, తిప్పినచోటే ఆగేలా, చుక్క కారకుండా చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అచ్చుల ఖర్చుకు నా షెడ్డును బ్యాంకులో తాకట్టు పెట్టాను.

డబ్బాల కంపెనీ మేనేజరు చేత గుట్టు బయటపెట్టనని సంతకం చేయించుకుని మూత చూపించాను. “పేటెంటు తెచ్చుకుంటే కొంటాం పెద్దాయనా. అది లేకపోతే కొనేదేముంది, మేమే చేసుకుంటాం” అన్నాడు. దాపరికం లేని మనిషి.

పేటెంట్ల పనులు చూసే వకీలు ఇంకో ముక్క చెప్పాడు.

“దరఖాస్తు పడి రసీదు చేతికొచ్చేదాకా ఎవరికీ చూపించకు. ముందే లోకానికి తెలిస్తే అది కొత్తది కాదంటారు. మీ ఆవిడకి కూడా చూపించకు.”

“తనకి చూడాలని లేదండి.”

“చాలా మంచిది.”

పేటెంట్ల ఆఫీసుకెళ్తే పాత కౌంటరు మూసేశారు, కొత్తది తెరవలేదు. కొత్తదానికి అద్దం, కుర్చీ, గుమాస్తా, రబ్బరు ముద్ర అన్నీ అమిరాయి. అడ్డంగా ఎర్ర రిబ్బను ఉంది.

“కింద నుంచి కాగితం అందిస్తానండి” అన్నాను.

“మంత్రిగారు కత్తిరించందే ఈ కౌంటరు ఉన్నట్టు కాదు. లేని కౌంటరులో దరఖాస్తు ఎలా తీసుకోమంటావు?” అన్నాడు గుమాస్తా.

పద్దెనిమిది రోజులు తిరిగాను. గుమాస్తా రోజూ ఠంచనుగా వచ్చి, రిబ్బను కింద దూరి, లేని కౌంటరులో సాయంత్రం దాకా కూర్చుని వెళ్లేవాడు. అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

పంతొమ్మిదో రోజు మంత్రిగారు వచ్చారు. ఆయన పి.ఎ. నా భుజం పట్టుకుని ముందుకు తోశాడు.

“తొలి దరఖాస్తుదారువి నువ్వే. సంచిలోది తీసి సార్‌కి చూపించు.”

“రసీదు ఇస్తే చూపిస్తానండి.”

“రసీదు కావాలంటే రిబ్బను తెగాలి. రిబ్బను తెగాలంటే ఫొటో ఉండాలి. ఫొటోలో చేతులూపుకుంటూ నిలబడతావా?”

ఇంతటి తర్కం ఏడో తరగతితో బడి మానేసిన నాకు సరిగ్గానే తోచింది. మూత తీశాను.

“ఇది పేలదు కదా?” అని అడిగారు మంత్రిగారు.

“పేలదండి. తిరుగుతుంది.”

ఆయన రింగు తిప్పి ఒకటో అంకె మీద ఆపారు. “నా నంబరు ఎప్పుడూ ఒకటే” అన్నారు. చప్పట్లు. “లోపల ఎలా అమర్చావో చెప్పవయ్యా, ప్రజల దగ్గర దాపరికం దేనికి” అని మైకు నా నోటి దగ్గర పెట్టారు. మైకులో నా గొంతు నాకే బాగుందనిపించింది. అంతా చెప్పాను. నేను చెప్పినదాన్ని మంత్రిగారు మళ్లీ మొదటి నుంచి, నాకంటే బాగా చెప్పారు. అప్పుడు రిబ్బను తెగింది. దరఖాస్తు అందించాను.

“కంప్యూటర్ పాస్‌వర్డ్ రేపొస్తుంది. రేపు రా” అన్నాడు గుమాస్తా.

మర్నాడు నాకు రసీదొచ్చింది. అంతకు ముందే పేపర్లొచ్చాయి. మొదటి పేజీలో మంత్రిగారు, ఆయన చేతిలో మూత, పక్కన లోపలి అమరికకు బాణం గుర్తులతో బొమ్మ.

“నాకేమో చూపించకూడదంట. ఊరందరికీ చూపించొచ్చంటా?” అంది మా ఆవిడ.

ఏడాది తర్వాత విచారణకు పిలిచారు. పరీక్షాధికారి మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు.

“డబ్బా కొత్తది కాదు. అంకెలు కొత్తవి కావు. తిరగడం కొత్త కాదు. మరి కొత్తదేమిటి?”

“తిరిగినా కారదండి.”

టిన్నులో నీళ్లు నింపి, తలకిందులు చేసి, రింగు గిరగిరా తిప్పాను. ఆయన ఫైలు మీద చుక్క పడలేదు.

“నిజమే. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు” అన్నాడు. ఆయన ఫైల్లోంచి పేపరు తీశాడు. “ఇందులో తప్ప. నీ రసీదు కంటే ఒకరోజు ముందే, సభలోనే లోకానికి తెలిసిపోయింది.”

“చెప్పింది మంత్రిగారు కదండీ.”

“మంత్రిగారు చెబితే లోకానికి తెలిసినట్టు కాదని రాయమంటావా?”

దరఖాస్తు కొట్టేస్తూ తీర్పిచ్చారు. వకీలు ఒక్కటే దారి చూపించాడు. ఆ రోజు వివరణ ఎవరికీ అర్థమయ్యేలా లేదని మంత్రిగారు రాసిస్తే, అప్పీలులో వాదించి చూడొచ్చు. బ్యాంకు ఇచ్చిన గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. మంత్రిగారి దగ్గరికి వెళ్లాను. ఆయన తీర్పు రెండుసార్లు చదివించుకున్నారు.

“అంటే నా ప్రసంగాన్ని సాక్ష్యంగా తీసుకున్నారా?”

“అవునండి. అది అర్థం కాలేదని మీరొక్క ముక్క రాసిస్తే...”

“తేదీతో సహా రాశారా?”

“రాశారండి. ఆ ఒక్క ముక్క...”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ముప్ఫై ఏళ్లుగా మాట్లాడుతున్నానయ్యా. నేను చెప్పింది జనానికి అర్థమైందని ఒక ఆఫీసు రాసివ్వడం ఇదే మొదటిసారి. కాదని నా చేత్తో నన్నే రాయమంటావా?”

పి.ఎ.ని పిలిచి, తీర్పుకు ఫ్రేము కట్టించమన్నారు. నాకు టీ ఇప్పించారు.

పదో రోజున బ్యాంకువాళ్లు షెడ్డుకు తాళం వేశారు. షెడ్డున్న జాగా నూట నలభై రెండు గజాలు.