తనిఖీకి వచ్చినవారు కూర్చునే చోటు

"నిజాయతీ ఉన్న త్రాసు తనిఖీకి భయపడదు!"

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారు వర్తకుల సభలో బల్ల గుద్ది మరీ ఈ మాట చెప్పారు. బల్ల మీది గ్లాసు ఎగిరిపడింది. సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మొన్ననే దొంగ తూకపు రాళ్లతో పట్టుబడిన వర్తకుడు. ముందు వరసలో కూర్చున్న ఇన్‌స్పెక్టరుగారి భార్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ వాక్యాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి వీలుగా మనసులో మడతపెట్టుకుంది.

ఆమెకు ఆ వాక్యంతో పని పడింది. ఆ ఉదయమే ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ చెప్పింది. "నీకు చెయ్యాల్సిన పరీక్షలన్నీ అయిపోయాయమ్మా. నీలో నాకు ఏ లోపమూ కనబడలేదు. ఇక మీ ఆయన్ని పంపించు. ఆయన తీరిక కోసం నేను ఆగుతాను గానీ నీ వయసు ఆగదు."

పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు కలగలేదు. ఆమె రక్తం ఇచ్చింది. స్కానింగులు చేయించుకుంది. గర్భనాళాలు మూసుకుపోయాయేమోనని మందు ఎక్కించి ఎక్స్‌రే కూడా తీశారు. అన్నిటికీ ఒక్కతే వెళ్లింది, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఆ ఎక్స్‌రే రోజున కడుపు పట్టుకుని గుమ్మంలో అడుగుపెడితే ఇన్‌స్పెక్టరుగారు ఎంతో ఆదుర్దా పడ్డారు. "అయ్యో, బాగా అలిసిపోయావు. వెళ్లి కాస్త పడుకో" అన్నారు. తర్వాత బాగా ఆలోచించి, "టీ పెట్టి పడుకో" అని సవరించారు.

ఇంట్లో ఈ సమస్యను పట్టించుకోలేదంటే అన్యాయం. అత్తగారు మంచం తిప్పించారు! సలహా పక్కింటి పిన్నిగారిది. పిల్లలు పుట్టే విషయంలో ఆవిడకు తెలియనిది లేదు. "మా ఇంట్లో ఆసుపత్రి మొహం చూసినవాళ్లు లేరు వదినా! అంతా మంచం మహిమే" అని ఆవిడ ప్రహరీ గోడ మీంచి వీధికంతా వినబడేలా చెప్పేది. ఆ మాట ప్రకారం మంచం నాలుగు దిక్కులూ చూసి వచ్చింది. ఇక దాన్ని నిలువుగా నిలబెట్టడమొక్కటే మిగిలింది.

సభ నుంచి ఇంటికి వచ్చాక ఆమె విషయం చెప్పింది.

"డాక్టరమ్మ మిమ్మల్ని రమ్మందండీ. వీర్యపరీక్ష చేయించుకోవాలట."

ఇన్‌స్పెక్టరుగారు టీ కప్పులోకి తొంగి చూశారు. జవాబు అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది.

"మా వంశంలో మగాళ్లకి పరీక్షలుండవమ్మాయ్! వీళ్ల నాన్న ఎప్పుడైనా ఆసుపత్రి మెట్లెక్కాడా? లోపం ఎప్పుడూ ఆడదాన్లోనే ఉంటుంది. నాకూ ఉండేది. ఓర్చుకున్నాను, కన్నాను."

"మీకేం లోపం అత్తయ్యా?"

"ఏదో ఉండేదిలే. అన్నీ చెబుతామా?"

ఆమె భర్త వైపు తిరిగింది. "మధ్యాహ్నం సభలో త్రాసు గురించి ఏదో అన్నారు కదండీ?"

"అది డిపార్ట్‌మెంటు విషయం. దాన్ని ఇంట్లోకి తేకు."

"తేను. ఊరికే అడుగుతున్నాను. తనిఖీకి ఒప్పుకోని దుకాణాన్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తామేమిటి!" అన్నారాయన, టీ కప్పు పక్కన పెట్టి ఛాతీ విరుచుకుని. "సీలు వేస్తాం!"

ఆమె కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. అక్కడికి వచ్చే ప్రతివాడూ తన చూపుకి వంక లేదనీ, గోడ మీది బోర్డే మసకగా ఉందనీ అంటాడు. అలాంటివాళ్లతో వాదించకూడదని ఆమెకు తెలుసు. కుర్చీలో కూర్చోబెడితే చాలు. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి పడకగది గడియకు ఇనప తీగ చుట్టి ఉంది. తీగ చివర సీసం బిళ్ల వేలాడుతోంది. బిళ్ల మీద డిపార్ట్‌మెంటు ముద్ర స్పష్టంగా పడింది. అన్నీ ఆయన సంచీలోవే. ఆయన దిండు హాల్లో సోఫా మీద ఉంది.

"ఏమిటిది?"

"తనిఖీ పెండింగులో ఉందండీ. అది పూర్తయ్యాక తెరుస్తారు. అంతవరకు నేను అత్తయ్య గదిలో పడుకుంటాను."

"లాగి పారెయ్‌రా ఆ తీగని!" అన్నారు అత్తగారు.

"ఎలా లాగుతానమ్మా? ప్రభుత్వ సీలు! తెంపితే నేరం" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆ నేరానికి ఎందరికో తాఖీదులిచ్చిన మనిషి. చట్టం తెలిసినవాడికి ఉండే కష్టం తెలియనివాడికి అర్థం కాదు.

సోఫా ఆయన కంటే పొట్టి. కొన్నాళ్లకు మెడ ఒక పక్కకే తిరగడం మొదలుపెట్టింది. అప్పుడాయన షరతులతో దిగివచ్చారు.

"విను. నేను పరీక్షకి రావడం లేదు. ఆ ఆసుపత్రి ల్యాబులో త్రాసులు తనిఖీ చెయ్యడానికి వస్తున్నాను. మధ్యలో అదేదో జరిగితే జరుగుతుంది. అక్కడ నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు."

"అలాగేనండీ" అంది ఆమె. అన్ని పరీక్షలకూ ఒక్కతే వెళ్లిన మనిషికి ఈ షరతు కొత్తగా అనిపించలేదు.

కొడుకు పరువుకు కాపలాగా అత్తగారూ బయల్దేరారు. ఆయన ఆఫీసు జీపులో వెళ్లారు. వాళ్లిద్దరూ బస్సులో వెళ్లారు.

కౌంటరు దగ్గర అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. "చెప్పండి సార్."

ఇన్‌స్పెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నేను తనిఖీకి వచ్చాను."

"తనిఖీకి వచ్చినవాళ్లు అటు వైపు కూర్చుంటారు సార్."

అటు వైపు అప్పటికే కొందరు పెద్దమనుషులు ఉన్నారు. ఒకాయన ఏసీ బాగుచెయ్యడానికి వచ్చాడట. ఆ భవనంలో ఏసీ లేదు. ఇంకొకాయన సున్నాలు వేయించాలేమో చూడ్డానికి వచ్చాడట. వచ్చినప్పటి నుంచి ఒకే గోడను చూస్తున్నాడు. మూడో ఆయన ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. ఎవరికోసమన్నది ఇంకా తేల్చుకోలేదు.

అత్తగారు మాత్రం, ఎవరూ చూపించకుండానే, తిన్నగా వెళ్లి మెట్ల పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. దానికి ఒక కాలు పొట్టి. ఆవిడ కూర్చుంటూనే చెప్పు విడిచి ఆ పొట్టి కాలి కిందికి తోశారు. కుర్చీ కుదురుకుంది. కోడలు అది చూసింది. దాని గురించి ఆలోచించడం తర్వాతకు వాయిదా వేసుకుంది.

కౌంటరు అమ్మాయి అలమర తెరిచి ఇన్‌స్పెక్టరుగారి చేతికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. దాని పక్కన కొలత గీతలున్నాయి. ఆయన కళ్లు అలవాటు ప్రకారం ఆ గీతల మీద పడ్డాయి. ముఖంలోకి ప్రాణం వచ్చింది.

"దీని మీద ముద్ర ఏదీ?"

"ఏం ముద్ర సార్?"

"కొలత గీతలున్న ప్రతి పాత్ర మీదా మా డిపార్ట్‌మెంటు ముద్ర ఉండాలి! ముద్ర లేని పాత్రలో ఏదైనా కొలవడం నేరం!"

"భేషుగ్గా చెప్పారు సార్!" అని ఏసీ మనిషి లేచాడు. "మనం ఇలాంటివి సహించకూడదు!" అని సున్నాల మనిషి గోడను వదిలి వచ్చాడు. చూస్తుండగానే సంచీలోంచి తీగ వచ్చింది, సీసం వచ్చింది. డబ్బాల అలమరకు సీలు పడింది. తీగ మెలితిప్పడానికి ఏసీ మనిషి సాయం పట్టాడు. బహుశా ఆ ఆసుపత్రిలో ఆయన చేసిన మొదటి మరమ్మతు అదే. జైలు తలుపులు తెరిచినట్టు అందరి మొహాలూ వెలిగాయి.

ఆమె మూసుకున్న అలమర వైపు చూస్తూ నిలబడింది. దాంతోపాటు ఇంకో ఏడాది కూడా మూతపడ్డట్టనిపించింది.

గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. తల ముగ్గుబుట్టలా నెరిసిన మనిషి. సీలు వైపు చూడలేదు. మెట్ల పక్క కుర్చీ వైపు చూసింది.

"ఏమమ్మా, మళ్లీ వచ్చావా? అదే కుర్చీ! కాలి కింద చెప్పు కూడా అలాగే!"

అత్తగారు లేవబోయి కూర్చున్నారు. "మీరెవరో నాకు తెలియదండీ."

"అప్పుడూ అదే మాట అన్నావు. ఆయన్ని కూడా తెలియదన్నావు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చానన్నాడు, పాపం పెద్దమనిషి. ఎంతసేపు చూశాడనుకున్నావు! మా మీటరును అంత శ్రద్ధగా చూసినవాడు మళ్లీ రాలేదు." ఆవిడ ఇన్‌స్పెక్టరుగారి మొహంలో ఆ మీటరాయన పోలికలు చూసి ఆయన వైపు తిరిగింది. "చివరికి గుండె దిటవు చేసుకుని పరీక్ష చేయించుకున్నాడు, మందులు వాడాడు. అందుకే, ఇదిగో, సీళ్లు వెయ్యడానికి నువ్వు పుట్టావు."

గదిలో తలలన్నీ మెట్ల పక్క కుర్చీ వైపు తిరిగాయి. ఎవరికోసమో ఎదురుచూస్తున్నాయన కూడా ఎదురుచూడటం మానేశాడు.

"అమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

అత్తగారు చెప్పు లేని పాదాన్ని చూసుకున్నారు.

"మీ నాన్న పరువు కదురా. లోపం నాదేనని ఇంట్లో నేనే చెప్పాను. మీ నానమ్మ పోయేదాకా అంటూనే ఉంది. విని విని నాకే నిజమైపోయింది." ఆవిడ కోడలి వైపు చూడబోయి, చూడలేక, కొడుకును కసిరారు. "ఇంకా నిలబడ్డావేమిట్రా? తెంపు ఆ తీగని!"

"ప్రభుత్వ సీలమ్మా..."

"వేసింది నువ్వేగా! తెంపు!"

భార్య తన చేతిసంచీలోంచి కత్తెర తీసి అందించింది. ఆయన అందుకున్నారు. తీగ తెగింది.

డాక్టరమ్మ మామూలు ప్రశ్న అడిగింది. "పరీక్షకు ముందు కొద్ది రోజులు భార్యకు దూరంగా ఉండాలి. ఉన్నావా?"

"సీలు వేసి ఉందండీ" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"చాలా మంచిది. ఇంత పద్ధతిగా వచ్చేవాళ్లు తక్కువ."

ఫలితం వచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టరమ్మ ఎదుట ఆయన భార్య పక్కనే కూర్చున్నారు. ఆమె ఎవరో తనకు తెలియదన్న సంగతి మరిచిపోయినట్టున్నారు.

"కణాల సంఖ్యా తక్కువే, కదలికా తక్కువే" అంది డాక్టరమ్మ.

"అంటే నాదే తప్పుడు తూకమన్నమాట."

"తూకం తగ్గిన రాయి నీ దగ్గరికి వస్తే పారేస్తావా?"

"పారెయ్యమండీ. సరిచేయించి, మళ్లీ పరీక్షిస్తాం."

"నేనూ అంతే. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చను. కొన్నాళ్లాగి మళ్లీ చూస్తాను. ఈలోపు కారణం వెతుకుదాం, సరిచెయ్యగలిగింది సరిచేద్దాం. అప్పటికీ కుదరకపోతే వేరే పద్ధతులున్నాయి. ఇద్దరూ కలిసి రండి."

ఇన్‌స్పెక్టరుగారు తల ఊపారు. భార్యతో, "ఈసారి జీపు తీసుకురాను, నీతోపాటే బస్సెక్కుతాను" అన్నారు.

 ఆమె తన చేతిసంచీ ఆయన చేతికిచ్చింది.

ముగ్గురూ జీపులోనే ఇంటికి వచ్చారు. జీపు ఆగీ ఆగగానే ప్రహరీ గోడ మీద పక్కింటి పిన్నిగారి తల లేచింది.

"ఏం వదినా, ఆసుపత్రి నుంచేనా? ఏమన్నారు? కోడలికి ఏమిటట లోపం?"

ఇన్‌స్పెక్టరుగారు వంగి జీపు చక్రాన్ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టారు. అత్తగారి పెదవుల మీదికి పాత వాక్యం వచ్చేసింది. ఎన్నో ఏళ్లుగా వాడిన వాక్యం. నోరు తెరిస్తే చాలు, దానంతటదే బయటికొస్తుంది. కోడలు గేటు మీద చెయ్యి వేసి ఆగింది.

"కోడలికేం, నిక్షేపంలా ఉంది" అన్నారు అత్తగారు. "పరీక్ష మావాడికి. మందులూ వాడికే."

పిన్నిగారి నోరు తెరుచుకుంది. ఆవిడ వీధి ఆ చివరకు చూసింది, ఈ చివరకు చూసింది. గోడ మీద మోచేతులాన్చి ముందుకు వంగి, జన్మలో ఎన్నడూ లేనంతగా గొంతు తగ్గించింది.

"ఆ మెట్ల పక్క కుర్చీ ఇంకా కుంటుతూనే ఉందా వదినా?"