నాలుగు కళ్లజోళ్లు

ఆదివారం పొద్దున దుకాణం తెరిచేలోగా అద్దాల బీరువా తుడిచేయాలని కళ్లజోళ్లాయన అనుకున్నాడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. పదో తరగతి చదివే కూతురు తడిగుడ్డ పట్టుకొచ్చింది. దాని కళ్లు ఉబ్బి, ఎర్రగా ఉన్నాయి. తల్లి పోయి పది నెలలైంది. ఆ ఇంట్లో ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

"కళ్లేంటమ్మా అలా ఉన్నాయి?"

"బోర్డు సరిగ్గా కనబడట్లేదు నాన్నా. అంతా మసగ్గా ఉంటోంది," అని పిల్ల నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

ఆయన వెంటనే దాన్ని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాడు. పిల్ల అరచేతంత అక్షరాలను కూడా తప్పు చదివింది. ఆయన యంత్రంలోంచి చాలాసేపు చూసి, ఫ్రేముల పళ్లెం తీశాడు. ఒక్కొక్కటే దాని ముక్కు మీద పెడుతూ, "ఇది పెడితే హెడ్మాస్టరువి. ఇదైతే అచ్చం గుడ్లగూబవి," అని కూనిరాగం తీశాడు. పది నెలల్లో అదే మొదటి కూనిరాగం.

పిల్లకు ప్రాణం లేచొచ్చింది. వారం తిరక్కుండానే, "దీంతోనూ మసకే నాన్నా," అంది. మళ్లీ కుర్చీ, మళ్లీ పళ్లెం, మళ్లీ పాట. నెలయ్యేసరికి నాలుగు కళ్లజోళ్లు తయారయ్యాయి.

పక్కింటి పిన్నిగారు అవి లెక్కపెట్టింది. "అమ్మాయికి చూపు పోతోందట," అని వీధి మొదట్లో చెప్పింది. ఆ మాట బడికి చేరేలోగా చూపు పూర్తిగా పోయింది. క్లాసు టీచరు పిల్లను ముందు బెంచీకి మార్చి, మెట్ల దగ్గర చెరో చెయ్యీ పట్టుకోవడానికి ఇద్దరు అమ్మాయిల్ని పెట్టింది. ఆ సిగ్గుతో తల వంచుకుని నడిచిన పిల్ల వెళ్లి వరండా స్తంభానికి గుద్దుకుంది. ఇక టీచరు ఆగలేదు. "ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కాదంటే నేనే తీసుకెళ్తా," అని తండ్రికి ఫోన్ చేసింది.

దారి పొడుగునా పిల్లకు ఒకటే దిగులు. అబద్ధం బయటపడితే ఆ పాట ఆగిపోతుంది.

డాక్టరమ్మ కళ్లు చూసింది. తర్వాత నాలుగు కళ్లజోళ్లూ ఒక్కొక్కటే చూసింది.

"కళ్లు భేషుగ్గా ఉన్నాయి. ఇవన్నీ పవర్ లేని ఉత్త అద్దాలు. ఎవరండీ చేసింది?"

పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"మొదటిరోజే తెలుసు."

"మరెందుకు చేశావు?"

"బళ్లో ఎవరూ నీ ఉబ్బిన కళ్లు చూసి అడక్కుండా ఉంటారని. మళ్లీ వచ్చావు. వస్తే ఆ కాసేపైనా నా ఎదురుగా కూర్చుంటావు కదా."

"నువ్వు పాడుతున్నావని వచ్చాను నాన్నా."

"నాకెక్కడి పాట తల్లీ. నువ్వు నవ్వుతావని ఏదో పాడేశా." ఆయన కళ్లజోళ్లన్నీ ఒక దగ్గరికి చేర్చాడు. "మీ అమ్మ పోయాక నాకేమీ చాతకావడం లేదు."

"నాక్కూడా," అని పిల్ల ఆయన భుజంలో మొహం దాచుకుంది. పది నెలలుగా గదికొకరుగా ఏడ్చినవాళ్లు మొదటిసారి ఒకే బల్ల మీద కూర్చుని ఏడ్చారు. డాక్టరమ్మ మెల్లగా బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

పరీక్ష అయిపోయిందని తెలియక, పరీక్షకు ముందు వేసే చుక్కల మందుతో లోపలికి వచ్చిన నర్సు, ఇద్దరి తడి కళ్లూ చూసి, ఇదివరకే ఎవరో వేసేశారనుకుని పక్క గదికి వెళ్లిపోయింది.